వాలు తలం, స్ప్రింగు, శక్తి లెక్క

ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా విజ్ఞానశాస్త్ర సదస్సులో చేసిన ప్రసంగ పాఠం



డెబ్బై ఐదేండ్ల పండుగలో భౌతికశాస్త్రపు లెక్కను ఒకదానిని సభ ముందుకు తేవడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ షోలాపూరులో పదవ తరగతి దాకా తెలుగులో చదివిన విద్యార్థి, పదకొండవ తరగతిలో సైన్సు శాఖలో చేరిన నాటి నుండి ఆంగ్లంలో చదువవలసి ఉంటుంది. ఆ మలుపు వద్ద బిడ్డ తడబడితే, తెలుగులో చదివించినందువల్లనే వెనుకబడినాడని ఇంటివారు నిశ్చయించుకొంటారు. తమ్ముడినో చెల్లెలినో మరొక బడిలో చేర్చే నిర్ణయం తరచు ఆ ఇంట్లో ఆ వారమే జరిగిపోతుంది. ఆ నిశ్చయంలో నిజమెంతో తేల్చుకోవాలంటే ఉపన్యాసాలు చాలవు. విద్యార్థులు ఎక్కువగా తప్పే లెక్కను ఒకదానిని తీసుకొని, తప్పు ఎక్కడ పుడుతున్నదో వ్రేలు పెట్టి చూపవలె.

లెక్క ఇది. నేలతో 30 డిగ్రీల కోణం చేసే నున్నని వాలు తలం ఒకటి ఉన్నది. దాని అడుగున, వాలు వెంబడి పైకి నిలిచేటట్లు ఒక స్ప్రింగును బిగించినారు. స్ప్రింగు పై కొనకు 4 మీటర్ల ఎగువన, వాలు మీద, 2 కిలోగ్రాముల చెక్క దిమ్మను నిశ్చల స్థితి నుండి వదిలినారు. స్ప్రింగు బల స్థిరాంకం మీటరుకు 100 న్యూటన్లు. అంటే దానిని ఒక మీటరు నొక్కి పట్టి ఉంచాలంటే 100 న్యూటన్ల బలం కావలె. దిమ్మ జారి వచ్చి, స్ప్రింగును నొక్కి, ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణానికి స్ప్రింగు ఎంత దూరం నొక్కుకొని ఉంటుంది? గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకొంటే అంకెలు తేలికగా వస్తాయి.

మొదటి తప్పు తొందరపాటు వల్ల వస్తుంది. నున్నని వాలు మీద దిమ్మ త్వరణం 5, దూరం 4 మీటర్లు, కనుక స్ప్రింగును తాకేసరికి వేగ వర్గం 40 అవుతుంది. ఇంతవరకు సరియే. అక్కడి నుండి కూడా అదే సూత్రాన్ని నడిపించబోతారు. ఆ సూత్రం త్వరణం మారనప్పుడే చెల్లుతుంది. స్ప్రింగు మీద దిమ్మ ఒక్కొక్క సెంటీమీటరు దిగినకొద్దీ స్ప్రింగు ఎదురు త్రోపు పెరుగుతూ పోతుంది, త్వరణం ప్రతి చోట మారుతుంది. అందువల్ల ఇక్కడ ఆ సూత్రానికి ప్రవేశం లేదు. బలాల మార్గంలోనే వెళ్లాలంటే కలన గణితం కావలె. పదకొండవ తరగతి మొదట్లో ఆ పనిముట్టు ఇంకా చేతికి అలవడి ఉండదు.

శక్తి నిత్యత్వ నియమం ఇక్కడ అక్కరకు వస్తుంది. ఆ మార్గంలో పోయేవాడు ముందుగా సూత్రం వ్రాయకూడదు, మొదలు ఏది, చివర ఏది అని అడగవలె. మొదట దిమ్మ నిశ్చలంగా ఉన్నది. చివరి క్షణంలోను నిశ్చలంగానే ఉన్నది. కనుక రెండు చోట్లా గతిజశక్తి సున్న. నడుమ జరిగినదేమిటి? దిమ్మ కిందికి దిగింది, దాని స్థితిజశక్తి తగ్గింది. స్ప్రింగు నొక్కుకొన్నది, అందులో స్థితిజశక్తి పెరిగింది. ఘర్షణ లేదు కాబట్టి తగ్గినదంతా స్ప్రింగులోనే చేరి ఉండవలె.

ఇక అంకెలు. స్ప్రింగు నొక్కుకొన్న దూరాన్ని 'ద' అనుకొంటే, దిమ్మ వాలు వెంబడి వచ్చిన మొత్తం దూరం 4 + ద. 30 డిగ్రీల వాలు మీద ఎత్తులో దిగేది అందులో సగం. దిమ్మ బరువు 20 న్యూటన్లు. కనుక తగ్గిన స్థితిజశక్తి 10 × (4 + ద). స్ప్రింగు ఎదురు త్రోపు సున్నతో మొదలై చివరికి 100 × ద అవుతుంది. సగటున 50 × ద. దానిని దూరంతో గుణిస్తే స్ప్రింగులో చేరిన శక్తి 50 × ద². సూత్రంలోని ఆ 'సగం' ఎక్కడిదని విద్యార్థి అడిగితే, సగటు బలం నుండి వచ్చిందని ఒక్క మాటలో చెప్పవచ్చును. చాలామంది అడగరు, బట్టీ పడతారు. రెండింటినీ సమానం చేస్తే 10 × (4 + ద) = 50 × ద². ఇందులో ద విలువ 1 మీటరు. తగ్గినది 50 జౌళ్లు, చేరినది 50 జౌళ్లు.

త్రోవలో దిమ్మ ఎంత వేగం అందుకొన్నదో, ఎంతసేపు పట్టిందో, ఎక్కడ ఏ త్వరణమో, ఒక్కటీ అడగనవసరం లేకపోయింది. ఎత్తును ఎక్కడి నుండి కొలవవలెనన్న భయం కూడా అక్కరలేదు. అడుగు నుండి కొలిచినా, పైనుండి కొలిచినా, తేడా ఒక్కటే కనుక జవాబు మారదు.

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. ఈ మార్గం తెలిసిన విద్యార్థులలోను పలువురికి ఒక మీటరు రాదు, 89 సెంటీమీటర్లు వస్తుంది. వారు దిమ్మ స్ప్రింగును తాకే చోటును చివర అనుకొంటారు. అక్కడికి 4 మీటర్లు, అంటే 40 జౌళ్లు. ఆ 40ని 50 × ద² తో సమానం చేస్తారు. తాకిన తరువాత కూడా దిమ్మ కిందికి దిగుతూనే ఉన్నదని, భూమి దానిని లాగడం మానలేదని మరచిపోతారు. ఇది గుణకారంలో జరిగిన తప్పు కాదు. కళ్లెదుట జరుగుతున్న దానిని చూడకపోవడం.

ఈ తప్పును సరిదిద్దే తీరు కూడా శక్తి లెక్కలోనే ఉన్నది. 89 సెంటీమీటర్ల వద్ద ఆపి, పద్దు తిరిగి చూచుకొంటే చాలును. అప్పటికి దిమ్మ వాలు వెంబడి 4.89 మీటర్లు వచ్చింది, తగ్గిన స్థితిజశక్తి సుమారు 49 జౌళ్లు. స్ప్రింగులో చేరినది 40 మాత్రమే. మిగిలిన 9 జౌళ్లు ఎక్కడ? దిమ్మ కదలికలోనే ఉన్నాయి. విద్యార్థి ఆగిపోయిందని వ్రాసిన చోట దిమ్మ ఇంకా సెకనుకు 3 మీటర్ల వేగంతో దూసుకొని పోతున్నది. ఈ ఒక్క సంగతి నల్లబల్ల మీద చూపితే, మరల ఆ తప్పు చేసే పిల్లలు అరుదు. తప్పుకు ఎదురుగా ఎర్ర గీత గీసి మార్కులు తగ్గించడం వల్ల ఈ ఫలితం రాదు.

ఇదే లెక్కలో మరొక భ్రమ కూడా బయటపడుతుంది. స్ప్రింగును తాకిన క్షణం నుండే దిమ్మ వేగం తగ్గుతుందని దాదాపు అందరూ అనుకొంటారు. తాకిన కొత్తలో స్ప్రింగు త్రోపు బహు స్వల్పం. వాలు వెంబడి దిమ్మను లాగే 10 న్యూటన్లకు సమానమయ్యే దాకా, అంటే 10 సెంటీమీటర్లు నొక్కుకొనే దాకా, వేగం పెరుగుతూనే ఉంటుంది. తాకినప్పుడు సెకనుకు 6.32 మీటర్లు, 10 సెంటీమీటర్ల వద్ద 6.36 మీటర్లు. తేడా కొద్దిపాటిదే, అది నేర్పే సంగతి మాత్రం కొద్దిపాటిది కాదు. ఎదురు బలం మొదలు కావడం వేరు, వేగం తగ్గడం వేరు.

సమీకరణానికి మరొక మూలం ఉన్నది, మైనస్ 0.8. పరీక్షలో దానిని కొట్టివేయడం ఆచారం. దిమ్మ స్ప్రింగుకు అంటుకొని ఉండి, రెండూ కలిసి పైకి లేస్తే, స్ప్రింగు తన సహజమైన పొడవును మించి 80 సెంటీమీటర్లు సాగిన చోట దిమ్మ మరల ఆగుతుందని దాని అర్థం. కొట్టివేసే ముందు ఆ మాట చెప్పే ఉపాధ్యాయుడు దొరకడం విద్యార్థి అదృష్టం.

ఇప్పుడు వాలు నునుపు తీసివేసి, ఘర్షణ గుణకం 0.1 అనుకొనవలె. ఘర్షణ బలం సుమారు 1.73 న్యూటన్లు అవుతుంది. దిమ్మ దిగేటప్పుడు ఘర్షణ పైకి, ఎక్కేటప్పుడు కిందికి, ఎప్పుడూ కదలికకు ఎదురుగానే. అది తీసుకొన్న శక్తి తిరిగి రాదు, దిమ్మా వాలూ వెచ్చబడతాయి. ఇప్పుడు స్ప్రింగు నొక్కుకొనేది 90 సెంటీమీటర్లు. అందులో నిలిచినది 40.5 జౌళ్లు, వేడిగా పోయినది సుమారు 8.5. దిమ్మ తిరిగి పైకి వెళ్లేటప్పుడు మరొక 6 జౌళ్లు పోతాయి. అది స్ప్రింగు కొనను విడిచి 2.55 మీటర్ల ఎగువన ఆగుతుంది. నున్నని వాలు మీదనైతే బయలుదేరిన చోటికే, 4 మీటర్లకే చేరేది. మరల జారుతుంది, మరల లేస్తుంది, ప్రతిసారీ కొంత తగ్గి, చివరకు స్ప్రింగును సుమారు 10 సెంటీమీటర్లు నొక్కి కూర్చొంటుంది.

నునుపు వాలు మీద తప్పు చేసిన విద్యార్థికి వచ్చిన 89 సెంటీమీటర్లు, గరుకు వాలు మీద సరిగా చేసిన వానికి వచ్చిన 90 సెంటీమీటర్లు ఇంచుమించు ఒకటే! చివరి అంకెను మాత్రమే చూచి విద్యార్థికి అర్థమైనదో లేదో చెప్పబూనడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి తెలుస్తుంది.

ఇంత దూరం వచ్చిన తరువాత భాష సంగతి ఎత్తుకోవచ్చును. పై తప్పులలో ఏ ఒక్కటీ తెలుగు వల్ల వచ్చినది కాదు. ఆంగ్ల మాధ్యమంలో ఒకటవ తరగతి నుండి చదివినవారు కూడా ఇవే తప్పులు చేస్తారు. "దిమ్మ దిగిన మొత్తం ఎత్తు వల్ల తగ్గిన శక్తి స్ప్రింగులో చేరింది" అన్న వాక్యాన్ని ఏదో ఒక భాషలో ముందుగా వ్రాసుకొన్నవాడు మొత్తం అనే మాటను మరువడు. వాక్యం లేకుండా సూత్రాన్ని మాత్రమే పట్టుకొన్నవాడు మరుస్తాడు. వాక్యం చక్కగా కుదరాలంటే, ఇంట్లో మాట్లాడే భాషలో కుదిరినంత తేలికగా మరొక భాషలో కుదరదు.

అయితే మాటల వల్ల బరువేమీ లేదనడం కూడా న్యాయం కాదు. ఈ ఊరి తెలుగు బిడ్డకు ఆ బరువు మూడింతలు. వాడుకలో బలం, శక్తి, సత్తువ, సామర్థ్యం అన్నీ ఒకటే. తెలుగు పాఠ్యపుస్తకంలో బలం వేరు, శక్తి వేరు, సామర్థ్యం వేరు. వీధిలోని మరాఠీ స్నేహితుని పుస్తకం తెరిస్తే అక్కడ బలం బలమే గాని, శక్తిని ఊర్జ అంటారు, సామర్థ్యాన్ని శక్తి అంటారు. అంటే ఒకే శక్తి అనే మాట ఒక గుమ్మంలో ఒక అర్థాన్ని, పక్క గుమ్మంలో మరొక అర్థాన్ని ఇస్తుంది. ఇద్దరు పిల్లలు కలిసి లెక్క చేసేటప్పుడు, ఒకడు జౌళ్లలో చెప్పినదానికి మరొకడు వాట్లలో సమాధానం చెప్పే అవకాశం ఉన్నది. ఆ మీదట ఆంగ్ల పదాలు వచ్చి పడతాయి. తొమ్మిది, పది తరగతులలోనే ప్రతి పాఠం చివర తెలుగు, మరాఠీ, ఆంగ్ల పదాలను పక్కపక్కన వ్రాయించి, ఒక్కొక్క దానికి కొలమానం జతచేయించే ఏర్పాటు ఉంటే ఈ బరువు చాలవరకు దిగుతుంది. దీనికి ధనం అక్కరలేదు, పాఠానికి పది నిమిషాలు చాలును. మాటలు మార్చుకోవడం పది నిమిషాల పని, ఆలోచించే అలవాటు లేకపోతే దానిని సంపాదించడం ఏండ్ల పని. మొదటిదాన్ని చూచి రెండవదని భ్రమపడినందువల్లనే చదువులో పనికివచ్చే పిల్లలు కొందరు సైన్సు విడిచిపోతున్నారు.

మాటల గందరగోళం ఒక్క తెలుగువారికే పట్టినదని సిగ్గుపడవలసిన పని లేదు. వాలు తలం మీద గోళీలను దొర్లించి చేసిన ప్రయోగాలను గెలీలియో 1638లో ప్రకటించినాడు. స్ప్రింగు సాగుదల బలానికి అనుపాతంలో ఉంటుందన్న నియమాన్ని హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి రహస్యంగా అచ్చువేసి, 1678లో విప్పి చెప్పినాడు. ఈ రెండింటినీ కలిపే శక్తి అనే భావన స్థిరపడడానికి మాత్రం మరొక నూట డెబ్బై ఏండ్లు పట్టింది. కదిలే వస్తువులోని సత్తాను వేగంతో కొలవవలెనా, వేగ వర్గంతో కొలవవలెనా అని 1686లో లైబ్నిజ్ లేవనెత్తిన వివాదం ఐరోపాలో తరాల తరబడి సాగింది. మెత్తని బంకమట్టిలోకి ఇత్తడి గుండ్లను జారవిడిచి, వేగం రెట్టింపైతే గుంట నాలుగింతలు అవుతుందని హాలెండులో గ్రావెసాండె చూపినాడు. ఆ ఫలితం ప్రాముఖ్యాన్ని గుర్తించి 1740లో తన గ్రంథంలో వాదించిన విదుషీమణి ఎమిలీ దు షాత్లే. సూత్రంలోని 'సగం' 1829లో కొరియోలిస్ చేతిలో కుదిరింది. వేడిని కూడా పద్దులో చేర్చి లెక్కను పూర్తి చేసినవారు 1840లలో మేయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్స్. అంతటివారు తరాల పాటు తడుముకొన్న దానిని పదిహేనేండ్ల బిడ్డ ఒక వారంలో గ్రహించలేదని కోపగించుకోవడం తగదు.

వాలు తలం, స్ప్రింగు పుస్తకాలలోనే ఉంటాయని కూడా అనుకోరాదు. షోలాపూరు నుండి ముంబయికి రైలులో వెళ్లే ప్రతివారు లోనావాలా, ఖండాలా దాటి కర్జత్ వైపు భోర్ ఘాట్ దిగుతారు. 1863లో తెరచిన ఆ మార్గంలో వాలు 37కు 1. అంటే పట్టాల వెంబడి ఒక కిలోమీటరు పోతే ఎత్తులో 27 మీటర్లు దిగడం. బ్రేకులు, ఘర్షణ ఏవీ లేవనుకొంటే, నిలిచి ఉన్న బండి ఒక్క కిలోమీటరు జారేసరికి గంటకు 84 కిలోమీటర్ల వేగం అందుకొంటుంది. ఆ శక్తినంతటినీ బ్రేకులు వేడిగా మార్చవలె. కొత్త తరహా విద్యుత్ ఇంజన్లు అందులో కొంత భాగాన్ని కరెంటుగా మార్చి పై తీగకు తిరిగి ఇస్తాయి.

అదుపు తప్పిన బండి కోసం ఘాట్లలో క్యాచ్ సైడింగులని ప్రత్యేకమైన పట్టాలు వేస్తారు. అవి కొండవైపు పైకి ఎక్కుతాయి. దూసుకువచ్చిన బండి గతిజశక్తి ఎత్తుగా మారి, బండి తనంతట ఆగుతుంది. సెకనుకు 15 మీటర్ల వేగంతో వచ్చేది, ఘర్షణను విడిచిపెడితే, 11.25 మీటర్ల ఎత్తు ఎక్కి ఆగవలె. బండి బరువు ఎంతైనా ఇదే ఎత్తు. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలు. పట్టాల చివర అడ్డుగా నిలిపే బఫర్లలోను, పెట్టెల కొసలలోను ఉండే స్ప్రింగుల సంగతి వేరు. అక్కడ వేగం రెట్టింపైతే నొక్కుదల రెట్టింపే అవుతుంది. స్ప్రింగులో చేరే శక్తి కూడా దూర వర్గంతో పెరుగుతుంది కనుక, రెండు వర్గాలు ఒకదానికొకటి సరిపోతాయి. అక్కడ మాత్రం బరువు లెక్కలోకి వస్తుంది. ఖాళీ పెట్టెను ఆపిన స్ప్రింగు నిండు పెట్టె ముందు చాలకపోవచ్చును.

ఇంటికి మరింత దగ్గరగా చూడాలంటే మరమగ్గం ఉన్నది. నాడె అటునుండి ఇటు విసురుగా వచ్చి నాడె పెట్టెలో ఆగే ప్రతిసారీ దాని గతిజశక్తి ఎక్కడికో పోవలె. పెట్టె పక్క గోడ ఒరిపిడి కొంత తీసుకొంటుంది, మిగిలినది దెబ్బగా, చప్పుడుగా పోతుంది. ఈ ఊరి పిల్లలు పుట్టిన నాటి నుండి వింటున్న ఆ టకటక చప్పుడు పద్దులో ఖర్చు వైపు వ్రాయవలసిన అంశమే.

ఈ మార్గానికి ఒక పరిమితి ఉన్నది, దానిని దాచకూడదు. ఎంత దూరం, ఎంత వేగం అన్నవాటికి ఈ మార్గం జవాబు చెబుతుంది, ఎంతసేపు అన్నదానికి సూటిగా చెప్పదు. దిమ్మ స్ప్రింగును తాకడానికి పట్టిన కాలం సుమారు 1.26 సెకన్లు. అది త్వరణం నుండి రావలసిందే. తాకిన తరువాతి కాలానికి సరళ హరాత్మక చలనం నేర్వవలె.

ప్రయోగశాలలో ఒక మధ్యాహ్నం చేసి చూడదగిన చిన్న ప్రశ్నను పిల్లలకు ఇవ్వవచ్చును. అదే నున్నని వాలు, అదే స్ప్రింగు, అదే దిమ్మ. దిమ్మను స్ప్రింగు కొనకు తాకించి, చేత్తో పట్టి నెమ్మదిగా దించితే అది 10 సెంటీమీటర్ల వద్ద కుదురుకొంటుంది. అదే చోట తాకించి ఒక్కసారిగా చేయి తీసివేస్తే 20 సెంటీమీటర్ల దాకా నొక్కుకొని ఆగుతుంది, సరిగా రెట్టింపు. రెండవ దానిలో తగ్గినది 2 జౌళ్లు, స్ప్రింగులో చేరినది 2 జౌళ్లు. మొదటి దానిలో తగ్గినది 1 జౌల్, స్ప్రింగులో చేరినది అర జౌల్. మిగిలిన అర జౌల్ ఎక్కడికి పోయినదో, దించిన చేయిని అడగవలె.